ఆకసమున సన్నగిల్లు మాటను నిలుపుట ఎట్లు?

విద్యార్థులారా! మన మాహూరున రేణుకామాత కొండపై నిలిచి ఎదుటి కొండవైపు కేకవేసినచో ఆ కేక ప్రతిధ్వనియై తిరిగి వచ్చుట మీరెల్లరు ఎరిగినదే. తిరిగి వచ్చిన మాటయు, అప్పుడే పలికిన మాటయు ఒకదానిలో నొకటి కలిసి రెండును తెలియకపోవుటయు మీ అనుభవములోనిదే. రేడియో తరంగములకును ఇట్టి చిక్కే కలదు. మేము చిన్నవారమై యున్నపుడు రాత్రివేళ హైదరాబాదు ఆకాశవాణి వార్తలు వినుచుండగా చదువువారి గొంతు ఉన్నట్టుండి సన్నగిల్లి, ముఖ్యమైన మాట జారిపోయిన పిదప మరల బిగ్గరగా వినవచ్చెడిది. ఇట్లు సన్నగిల్లుటను ఫేడింగు అందురు.

ఇది వినోదమునకు మాత్రమే సంబంధించిన విషయము కాదు. 2004 డిసెంబరు 26న సునామీ అండమాన్, నికోబార్ దీవులను ముంచెత్తినపుడు, హైదరాబాదునందలి జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ ఏర్పాటు చేసిన యాత్రలో భాగముగా భారతీ ప్రసాద్ గారును, వారి సహచరులును పోర్టుబ్లెయిరున ఉండిరి. టెలిఫోనులు మూగవోయిన ఆ దినములలో వారి హామ్ రేడియో ఆప్తుల క్షేమ సమాచారములను ప్రధాన భూభాగమునకు చేర్చెను. అట్టి వేళ ఒక పేరో, ఒక అంకెయో జారిపోయినచో ఎంత నష్టమో ఊహింపుడు.

ఫేడింగునకు కారణమేమి? హ్రస్వ తరంగములు నేలకు ఎంతో ఎత్తుననున్న అయనోస్ఫియరు అను విద్యుదావేశపు పొరను తాకి దూరదేశమున దిగును. అవి ఒక్క త్రోవన గాక రెండు మూడు త్రోవల వచ్చును. 7 మెగాహెర్ట్‌జుల తరంగము నిడివి సుమారు 42 మీటర్లు. రెండు త్రోవల నడుమ 21 మీటర్ల భేదమున్నచో ఒక తరంగపు శిఖరము రెండవదాని గుంటపై పడి రెండును అణగిపోవును. పై పొర నిలుకడ లేనిది గనుక ఈ అణగుట క్షణక్షణము మారుచుండును.

సాధారణ పద్ధతిని పంపిన గొంతు ఫేడింగున క్రమముగా సన్నగిల్లును. అనుభవము గల చెవి హోరులో గూడ దానిని పట్టుకొనగలదు. డిజిటల్ గొంతు అట్లు కాదు. అందు మాట 0, 1 అను అంకెలుగా మారి పోవును. ఈ అంకెలనే బిట్లు అందురు. సంకేతము బాగున్నంతవరకు హోరు లేక స్వచ్ఛముగా వినవచ్చును. కొంత హద్దు దాటినంతనే కొండకొమ్ము నుండి జారినట్లు మాట మొత్తము మాయమగును. కావున డిజిటల్ గొంతునకు ఫేడింగును తట్టుకొను కవచము తొడుగక తప్పదు.

ఆ కవచమున మొదటిది తనిఖీ అంకె. ఒక వరుసయందు 1, 0, 1, 1 అను నాలుగు అంకెలున్నవి. అందు ఒకట్లు మూడు. వాని సంఖ్య సరిసంఖ్య యగునట్లు చివర మరియొక 1 చేర్చుదము. దారిలో రెండవ అంకె పోయినదనుకొనుడు. మిగిలిన వానిలో ఒకట్లు నాలుగు. అది సరిసంఖ్యయే గనుక పోయినది 0 అని తెలియుచున్నది. ఐనను ఒకే వరుసలో రెండంకెలు పోయినచో ఈ ఉపాయము పనికిరాదు. ఫేడింగు వచ్చినపుడు పోవునవి వరుసగా అనేకము.

ఇచటనే రెండవ ఉపాయము అక్కరకు వచ్చును. ఇట్టి వరుసలు నాలుగింటిని ఒకదాని క్రింద నొకటి వ్రాసి, అడ్డముగా గాక నిలువుగా పంపవలెను. ఇప్పుడు ఒక నిలువు వరుస మొత్తము నశించినను ప్రతి అడ్డు వరుసయందును పోవునది ఒక్కొక్క అంకెయే. తనిఖీ అంకెతో అన్నింటిని తిరిగి పొందవచ్చును. ఒకరిపై పడిన బరువును పదుగురు పంచుకొనుట వంటిదిది.

మూడవది, మాటను ఒకే వాహక తరంగముపై గాక ఇంచుక భేదముగల పౌనఃపున్యములపై పంచి పంపుట. ఒకే క్షణమున ఫేడింగు ఒకదానిని అణచినను ప్రక్కదానిని విడిచిపెట్టవచ్చును.

ఇన్ని అంకెలు అదనముగా పంపుటకు తావెక్కడిది? డిజిటల్ టెలిఫోను పద్ధతిన గొంతునకు సెకనుకు 64,000 బిట్లు వలయును. ఆస్ట్రేలియా దేశస్థుడగు డేవిడ్ రో నిర్మించిన కోడెక్ 2 అను పద్ధతి మాటను 700 బిట్లకు కుదించెను. ఈ పొదుపును రక్షణకు వెచ్చించిరి. 2018లో వెలువడిన ఫ్రీడీవీ 700డి యందు 160 మిల్లీసెకన్ల మాటకు 112 బిట్లు. వానికి సమముగా 112 తనిఖీ బిట్లు చేర్చి 224 పంపుదురు. ఈ తనిఖీ విధానమునకు మూలము రాబర్టు గాలగర్ 1960లో సమర్పించిన పరిశోధన వ్యాసము.

ఐతే ప్రతి లాభమునకును వెల కలదు. అంకెలను ఎక్కువ కాలముపై పరచిన కొలది మాట ఆలస్యముగా చేరును. గొంతు సహజత్వమును కొంత కోల్పోవును. ఫేడింగు మిక్కిలి వేగముగా మారునపుడు దారి స్థితిని తెలుపు గుర్తు సంకేతములను మరింత తరచుగా పంపవలసియుండును. 700ఇ అను పద్ధతి ఇందులకే పుట్టినది. 2024లో కృత్రిమ మేధచే ఈ దారి లోపములను యంత్రమునకే నేర్పు రేడ్ అను పద్ధతిని ఆకాశమార్గమున పరీక్షించిరి.

ఇందు గ్రహింపవలసిన సారమొక్కటే: గట్టిగా అరచుట ఒక్కటే ఉపాయము కాదు. బలము పెంచినచో ప్రతిధ్వనియు పెరుగును గదా! చెప్పవలసినదానిని కాలముపైనను, పౌనఃపున్యములపైనను పంచి, కొంత పోయినను మిగిలినది పోయినదానిని చెప్పగలుగునట్లు ఏర్పరచుటయే నేర్పు.

మన దేశమున 12 ఏండ్లు నిండినవారు పరీక్షలో ఉత్తీర్ణులై కేంద్ర ప్రభుత్వపు హామ్ లైసెన్సు పొందవచ్చును. అంతవరకు పై అంకెల ఆటను తరగతిలో కాగితపు ముక్కలతో ఆడి చూడుడు. ఒక నిలువు వరుసను మీ మిత్రుడు దాచవలెను, మీరు కనుగొనవలెను. మీలో నొకరైనను రేపు ఆపత్సమయమున ఒక పేరును, ఒక అంకెను జారిపోనీయక చేర్చగలిగినచో మా ఈ వ్యాసము సార్థకమగును.