ఆకస్మిక చెవుడు: చైనా సూదులు, మూలికలు, దాటిపోయే గడువు

వినికిడి పరీక్షలో వరుసగా వచ్చే మూడు పౌనఃపున్యాల వద్ద కనీసం 30 డెసిబెల్‌ల వినికిడి మూడు రోజుల లోపల పడిపోతే, దానిని వైద్యులు ఆకస్మిక నాడీసంబంధ వినికిడి లోపం అంటారు. పౌనఃపున్యం శబ్దం ఎంత కీచుగా, ఎంత బొంగురుగా ఉందో తెలిపే కొలత కాగా, డెసిబెల్ శబ్ద తీవ్రతకు కొలత. ఈ లోపం దాదాపు ఎప్పుడూ ఒక చెవికే వస్తుంది. చాలామంది నిద్ర లేచేసరికి చెవి దిబ్బడ వేసినట్టు ఉంటుంది, లోపల హోరు మొదలవుతుంది, కొందరికి కళ్లు కూడా తిరుగుతాయి. గుబిలి అడ్డుపడిందనో, జలుబు దిగిందనో, నాలుగు రోజులలో అదే సర్దుకుంటుందనో ఊరుకోవడం వల్ల జరిగే నష్టం ఈ వ్యాధిలో అన్నిటికంటె పెద్దది.

శబ్దాన్ని నాడీ సంకేతంగా మార్చే కాక్లియా అనే నత్తగుల్ల ఆకారపు అవయవం లోపలి చెవిలో, గట్టి ఎముక మధ్య ఉంటుంది. దానికి రక్తం అందించేది ఒక సన్నని ధమని మాత్రమే. అది మూసుకుపోతే ఆదుకోవడానికి మరో దారి లేదు. వైరస్ సోకడం, రక్తప్రసరణ ఆగడం, శరీర రక్షణ వ్యవస్థ తన కణాలపైనే దాడి చేయడం వంటి కారణాలను ఊహిస్తున్నా, పదిమందిలో తొమ్మిదిమందికి ఇదమిత్థమని కారణం తేలదు. వాపును తగ్గించే స్టిరాయిడ్లనే ప్రధాన చికిత్సగా ఇస్తారు. వాటిని మాత్రలుగా గానీ, కర్ణభేరి గుండా ఇంజెక్షన్‌గా గానీ మొదటి రెండు వారాలలో మొదలుపెట్టాలి. ఆ తరువాత గడిచే ప్రతి వారం ఫలితం దక్కే అవకాశాన్ని తగ్గిస్తుంది. 1980లో అమెరికాలో వెలువడిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో స్టిరాయిడ్ తీసుకున్నవారిలో 61 శాతం, మందు లేని మాత్ర తీసుకున్నవారిలో 32 శాతం కోలుకున్నారు. అది చిన్న అధ్యయనమే, స్టిరాయిడ్ల బలంపై చర్చ నేటికీ సాగుతూనే ఉంది. అయినా ఏ మందూ లేకుండానే మూడింట ఒక వంతు మంది కోలుకున్నారన్న రెండవ అంకెను మనసులో పెట్టుకోకుండా ఈ వ్యాధికి చెప్పే ఏ చికిత్సనూ తూచలేము.

చైనా సంప్రదాయ వైద్యం ఈ వ్యాధిని చాలా కాలంగా ఎరుగును. సుమారు రెండు వేల ఏళ్ల నాటి ‘హువాంగ్‌డీ నెయ్‌జింగ్’ అనే మూలగ్రంథంలోనే హఠాత్తుగా వచ్చే చెవుడు ప్రస్తావన ఉంది. ఆ వైద్యంలో మూత్రపిండం చెవికి ఆధారం. ‘చీ’ అనే ప్రాణశక్తి ప్రవహించే నాళాలుగా భావించే మార్గాలలో కొన్ని చెవి చుట్టూ తిరుగుతాయి. చెవుడు హఠాత్తుగా వస్తే కాలేయంలో వేడి పెరగడమో రక్తం స్తంభించడమో కారణమని, మెల్లగా వస్తే మూత్రపిండ బలం క్షీణించడం కారణమని వైద్యుడు నాడిని, నాలుకను చూసి నిర్ణయిస్తాడు. రక్తస్తంభన సిద్ధాంతానికి బలం చేకూర్చినవాడు శవాలను స్వయంగా పరిశీలించి 1830లో తన గ్రంథాన్ని ప్రచురించిన వాంగ్ చింగ్‌రెన్. కుసుమ పువ్వు, అల్లం, కస్తూరి వంటివాటితో ఆయన కూర్చిన కషాయాన్ని చెవుడుకు నేటికీ వాడుతున్నారు. ధమని మూసుకుపోతుందన్న ఆధునిక ఊహకు ఆయన ఆలోచన దగ్గరగా ఉండడం ఆశ్చర్యం గొలిపే విషయమే, కాని ఆ సామ్యం కషాయం పనిచేస్తుందనడానికి రుజువు కాదు.

ఆక్యుపంక్చర్‌లో చెవి ముందర నిలువుగా వరుసలో ఉండే అర్‌మెన్, టింగ్‌గాంగ్, టింగ్‌హుయ్ అనే స్థానాలలోను, చెవి తమ్మె వెనుక ఉన్న యీఫెంగ్‌లోను సన్నని సూదులు గుచ్చుతారు. వాటితోపాటు ముంజేతి మీద, అరచేతి వెనుక, పాదం మీద ఉన్న స్థానాలను కూడా ఎంచుకుంటారు. సూదులు లోపలి చెవిని తాకవు. వాటి వల్ల అక్కడ రక్తప్రసరణ మెరుగుపడుతుందన్నది ఊహ మాత్రమే.

ఈ చికిత్స చరిత్రలో ఒక అధ్యాయం మరువరానిది. సాంస్కృతిక విప్లవ కాలంలో, 1960ల చివర, జీలిన్ రాష్ట్రంలోని ల్యావోయువాన్ బధిర పాఠశాలలో సైనిక వైద్య బృందం సూదులతో పిల్లలకు వినికిడి తెప్పించిందని చైనా విస్తృతంగా ప్రచారం చేసింది. 1970లలో అమెరికా పరిశోధకులు తమ రోగులలో ఈ చికిత్స ఫలితాన్ని వినికిడి పరీక్షలతో కొలిచి చూడగా, నాడీసంబంధ చెవుడు ఉన్నవారిలో చెప్పుకోదగిన మెరుగుదల కనిపించలేదు. ఈ చికిత్సపై ఆశ పెట్టుకున్న బధిర పిల్లల తల్లిదండ్రుల వైపు నుంచి చూస్తే, కొలవని ఫలితాన్ని చాటడం ఎంతటి అన్యాయమో అర్థమవుతుంది.

నేటి చైనా ఆసుపత్రులలో పరిస్థితి వేరు. అక్కడ కూడా స్టిరాయిడ్లే మూలచికిత్స. సూదులు, గింకో ఆకుల సారం వంటివి వాటికి తోడుగా ఇస్తారు. తోడు చికిత్స పొందినవారు ఎక్కువగా కోలుకున్నారని చైనాలో జరిగిన అనేక పరిశీలనలు చెబుతున్నాయి. అయితే వాటిలో అధికభాగం చిన్నవి, ఎవరికి ఏ చికిత్స అందుతోందో రోగికీ వైద్యుడికీ తెలిసే జరిగినవి. గుచ్చినట్టు అనిపించే దొంగ సూదితో పోల్చి చూసినవి కొద్దే. అందుచేత సూది ప్రభావం ఎంతో, దగ్గర కూర్చుని పలకరించే శ్రద్ధ ప్రభావం ఎంతో విడదీసి చెప్పలేము. శిక్షణ పొందినవారు శుభ్రమైన, ఒకసారి వాడి పారేసే సూదులతో చేసే ఆక్యుపంక్చర్ వల్ల అపాయం స్వల్పం కనుక, స్టిరాయిడ్ మొదలుపెట్టిన రోగి దానిని కూడా తీసుకోదలిస్తే అభ్యంతరం అక్కర్లేదు. స్టిరాయిడ్‌కు బదులుగా తీసుకుంటే మాత్రం ఆ రెండు వారాలు తిరిగి రావు.

మూలికల విషయంలో ఇంత ఉదారత పనికిరాదు. అనేక చైనా కషాయాలలో ఉండే అతిమధురం మోతాదు మించితే రక్తపోటును పెంచి పొటాషియంను తగ్గిస్తుంది; స్టిరాయిడ్లు చేసేదీ అదే. గింకో, డాన్‌షెన్ మూలికలు రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడేవారిలో రక్తస్రావానికి దారితీయవచ్చు. అంతకంటె భయంకరమైనది అరిస్టలోకిక్ ఆమ్లం. కాలేయపు వేడికి, దాని వల్ల వచ్చిందనుకునే చెవుడుకు ఇచ్చే ‘లాంగ్‌డాన్ షియెగాన్’ కషాయంలో ముటాంగ్ అనే మూలికకు బదులుగా ఆ విషం గల అరిస్టలోకియా జాతి మొక్కను చాలాకాలం వాడారు. అది మూత్రపిండాలను ధ్వంసం చేస్తుందని, మూత్రనాళ క్యాన్సర్ తెస్తుందని తేలాక 2003లో చైనా దానిని నిషేధించింది. అదే జాతికి చెందిన ఈశ్వరవేరు, గాడిదగడపాకు తెలుగునాట కూడా నాటువైద్యంలో ఉన్నవే కనుక, చెవికైనా మరో జబ్బుకైనా కషాయం పుచ్చుకునేవారు అందులో ఏ మొక్క ఉందో అడిగి తెలుసుకుని, ఆ పేరును చెవి వైద్యుడికి చెప్పిన తరువాతే వాడాలి.