పందిని పిలిచే కూత

మన హాస్టల్లో చదివే తమ్ముళ్లలో చాలామంది ఇళ్లలో మక్క చేనో, పల్లి చేనో ఉంటుంది. అడవి పందుల మంద ఒక్క రాత్రి పడితే ఏం మిగులుతుందో నేను చెప్పనక్కర లేదు. పదో తరగతి సెలవుల్లో నేనూ బాపుతో మంచె మీద కూర్చుని డబ్బా కొట్టినవాడినే. తెల్లారేసరికి ఇద్దరికీ గొంతు పోయేది. పందిని తరమడమే మాకు తెలుసు. కూత పెట్టి దగ్గరికి పిలిచేవాళ్లు కూడా ఉన్నారని ఎం.ఎస్సీ. జువాలజీలో చేరాకే తెలిసింది.

అది అమెరికాలో. 1539లో హెర్నాండో డి సోటో అనే స్పెయిన్ దేశస్థుడు ఫ్లోరిడాకు పందులను ఓడల్లో తీసుకెళ్లాడు. అలా వెళ్లినవాటిలో తప్పించుకున్నవి, తర్వాత వేట కోసం తెచ్చి వదిలిన అడవి పందులు కలిసిపోయి, ఇప్పుడు అక్కడ 60 లక్షలకు పైగా ఉన్నాయని ఆ దేశ వ్యవసాయ శాఖ అంచనా. టెక్సాస్‌లో వాటిని ఏడాది పొడవునా వేటాడవచ్చు.

పందికి చూపు తక్కువ, ముక్కూ చెవీ చాలా చురుకు. ఆడ పందులు పిల్లలతో మందగా తిరుగుతాయి, ఎదిగిన మగది ఒంటరిగా తిరుగుతుంది. వేటగాడు వాడుకునేది ఈ స్వభావాన్నే. నోటితో ఊదే చిన్న గొట్టంతో గానీ, రికార్డు చేసిన స్పీకరుతో గానీ మేత మేసేటప్పటి పొట్టి గుర్రు వినిపిస్తే, అక్కడ తిండి ఉందనుకుని మిగతావి వస్తాయి. ఎదకు వచ్చిన ఆడదాని కూతకు మగది వస్తుంది. పిల్ల కీచుమన్న అరుపుకైతే తల్లి పరుగున వస్తుంది, అదీ కోపంగా. అందుకే అనుభవం ఉన్నవాళ్లు నేల మీద నిలబడి ఆ అరుపు పెట్టరు. స్పీకరును తమకు దూరంగా పెడతారు, పంది చూపు అటు పోవాలని. ఇంత చేసినా గాలి మనిషి వైపు నుంచి పంది వైపు వీచిందంటే ఆ రాత్రి వేట లేనట్టే.

ఇంకో సంగతి. కూత వెంట తుపాకీ మోత విన్న మంద మళ్లీ ఆ కూతకు సులువుగా రాదు. మన చేలల్లో మైకుదీ ఇదే కథ, కాకపోతే తలకిందులుగా. కుక్క అరుపులు, మనిషి కేకలు నాలుగు రోజులు పనిచేస్తాయి. ఆ తర్వాత మైకు మోగుతుండగానే పక్కన మేస్తాయి. కేక వెనక మనిషి లేడని వాటికి తెలిసిపోతుంది.

మన దగ్గర ఇలా పిలిచి చంపడం నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అధికారి అనుమతి ఉండాల్సిందే. అయినా చేను చుట్టూ కరెంటు తీగలు లాగుతూనే ఉన్నారు. మా వైపు ఒకాయన రాత్రి నీళ్లు పెట్టడానికి వెళ్లి, పందుల కోసం పెట్టిన తీగ తగిలి పోయాడు. ఆయన కొడుకు ఇప్పుడు ఇలాంటి హాస్టల్లోనే ఐదో తరగతి.

చదివిందంతా బాపుకు చెప్పాను. మైకులో అరుపులు మార్చాలి, చోటు మార్చాలి, వేళ మార్చాలి అన్నాను. "దానికి నీకంటె ముందే తెల్సు బిడ్డా" అని నవ్వాడు. కానీ ఈ వానాకాలం మైకు రెండు రోజులకోసారి గట్టు మారుతోంది. మోసుకెళ్లేది బాపే.