ఎముక చెప్పు సాక్ష్యము

కుక్క కొరికి విడిచిన యెముకపై పంటి గాట్లు కనబడును. వానిని చూచి, కొరికినది కుక్కయో ఎలుకయో చెప్పుట కష్టము కాదు. 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల నాటి యెముకపై నట్టి గాట్లే యున్నచో వానివలన మనమేమి తెలిసికొనగలము? శ్రోతలకు నేడు మేము మనవి చేయదలచినది ఈ విషయమే.

అమెరికాలోని మాంటనా రాష్ట్రమున, హెల్ క్రీక్ అను శిలాస్తరములలో, ట్రైసెరటాప్స్ అను రాక్షసిబల్లి తుంటి యెముక దొరకినది. ముఖమున మూడు కొమ్ములు గల ఈ జంతువు శాకాహారి. శిలగా మారిన ఆ యెముకపై యాభైకి మించిన గాట్లు, గుంటలు కలవు. గ్రెగొరీ ఎరిక్సన్, కెనెత్ ఓల్సన్ అను పరిశోధకులు వానిని పరీక్షించి 1996లో ఫలితములను ప్రకటించిరి. పండ్ల అచ్చు తీయుటకు దంతవైద్యులు వాడు మెత్తని ముద్దను వారు ఆ గుంటలలో నొత్తి తీసిరి. వచ్చిన అచ్చు టిరానోసారస్ రెక్స్ అను మాంసాహారి పంటితో సరిపోయినది.

అదే సంవత్సరము ఎరిక్సన్ బృందము ఆ పంటిని పోలిన లోహపు పంటిని చేయించి, యంత్రముచే పశువు తుంటి యెముకలోనికి దింపి చూచెను. ఒక గుంటకు తగిన లోతు దిగుటకు సుమారు 6,400 న్యూటన్ల బలము, అనగా ఆరున్నర క్వింటాళ్ళ బరువు, ఒక్క పంటిపై మోపవలసి వచ్చెను.

తిన్నది ఎవరో తెలిసినది. మరి చంపినది ఎవరు? బ్రతికియున్న జంతువు ఎముక గాయపడినచో క్రొత్త యెముక పెరిగి మానును. విరిగిన చేయి అతుకుకొనుట అందరు నెరిగినదే. ఈ తుంటి యెముకపై మానిన జాడ లేదు. చంపి తినెనో, చచ్చినదానిని తినెనో ఈ యెముక చెప్పజాలదు. టిరానోసారస్ వేటాడునది కాదు, పీనుగులను తిని బ్రతికినదని 1990 దశకమున జాక్ హార్నర్ అను శాస్త్రజ్ఞుడు వాదించెను.

దీనికి సమాధానము వేరొక యెముక చెప్పినది. దక్షిణ డకోటాలో, అదే శిలాస్తరములలో, బాతు మూతిని బోలిన మూతి గల రాక్షసిబల్లి తోక పూసలు రెండు లభించెను. వానిలో టిరానోసారస్ పన్నొకటి విరిగి చిక్కుకొనియున్నది. దాని చుట్టును క్రొత్త యెముక పెరిగియున్నది. ఈ వివరములు 2013లో వెలువడినవి. పీనుగునకు గాయము మానదు గదా! బ్రతికియున్న జంతువును టిరానోసారస్ పట్టగా, అది తప్పించుకొనిపోయి మరికొంతకాలము జీవించినదని దీనివలన స్పష్టమగుచున్నది.

ఇంతమాత్రమున టిరానోసారస్ పీనుగును ముట్టదనుట సరికాదు. వేటాడు సింహమును చచ్చిన జంతువు దొరకినచో విడువదు. కావున గాట్లు పడిన శిలాజమును ప్రదర్శనశాలలో చూచునపుడు, కొరికినది ఏ జంతువని అడిగి ఊరకుండక, ఆ గాయము మానినదా యని కూడ అడుగవలెను.