పేమెంట్ గేట్‌వే ఎంచుకోవడానికి 2 శాతం లెక్క ఒక్కటే చాలదు

ఇన్‌స్టాగ్రామ్‌లో చీరలో, పచ్చళ్లో, ఫోన్ కవర్లో అమ్ముతూ, ఆర్డర్లు పెరిగాక సొంత వెబ్‌సైట్ పెట్టుకునేవాళ్లు మన చుట్టూ చాలామందే ఉన్నారు. సైట్ చేయడం ఇప్పుడు పెద్ద పనేం కాదు. "ఏ గేట్‌వే పెట్టమంటావ్ బ్రో?" అన్న దగ్గరే బండి ఆగుతుంది. రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ, పేయూ మూడూ మూడు ట్యాబుల్లో ఓపెన్ చేసి, శాతం తక్కువ ఉన్నది తీసేసుకుంటారు. నన్నడిగితే అది చివర్లో చూడాల్సిన లెక్క.

సరే, ముందు ఆ లెక్కే తేల్చేద్దాం. 2 శాతం ఫీజు అనుకుంటే 500 రూపాయల ఆర్డర్‌కి 10 రూపాయలు. దాని మీద 18 శాతం జీఎస్టీ 1.80. మీ ఖాతాలో పడేది 488.20. కస్టమర్ రిటర్న్ చేస్తే మీరు 500 మొత్తం వెనక్కివ్వాలి, ఆ 11.80 మాత్రం సాధారణంగా తిరిగి రాదు. బట్టల్లాంటి, రిటర్నులు ఎక్కువుండే వ్యాపారానికి ఇదే అసలు దెబ్బ.

"యూపీఐ ఫ్రీ కదా?" అనొచ్చు. 2020 జనవరి 1 నుంచి యూపీఐ, రూపే డెబిట్ కార్డులపై ఎండీఆర్ సున్నా, నిజమే. కానీ గేట్‌వే కంపెనీ తన ప్లాట్‌ఫామ్ ఫీజు అని వేరేగా తీసుకోవచ్చు. సైన్ అప్ చేసేముందు నా ప్లాన్‌లో యూపీఐకి ఎంత పడుతుందో మెయిల్‌లో రాసివ్వమనండి. ఫోన్‌లో చెప్పిన మాట లెక్కలోకి రాదు.

రోజుకి పది ఆర్డర్లే అయితే గేట్‌వే లేకుండా క్యూఆర్ కోడ్ చాలు. కాకపోతే స్క్రీన్‌షాట్ చూసి పార్సిల్ పంపొద్దు. ఫేక్ స్క్రీన్‌షాట్లు తయారుచేసే యాప్‌లు ఉన్నాయి. బ్యాంక్ ఖాతాలో డబ్బు పడిందా లేదా, అదొక్కటే చూడండి.

ఇప్పుడు అసలు విషయం, సెటిల్‌మెంట్. కస్టమర్ కట్టిన డబ్బు నేరుగా మీకు రాదు. అగ్రిగేటర్ పేరున ఉన్న ఎస్క్రో ఖాతాకి వెళ్లి, మామూలుగా రెండు మూడు పనిదినాల తర్వాత మీకు చేరుతుంది. అమ్మకాలు ఒక్కసారిగా పెరిగితే వాళ్ల రిస్క్ టీమ్ ఆపేయొచ్చు కూడా. మా ఫ్రెండ్ వాళ్ల అక్క పచ్చళ్లు అమ్ముతుంది. ఆవకాయ సీజన్‌లో ఆర్డర్లు ఎగబడ్డాయి, గేట్‌వే సెటిల్‌మెంట్ హోల్డ్‌లో పెట్టింది. కాయలు, నూనె, కారం అన్నీ రొక్కానికే కొనాలి, డబ్బేమో స్క్రీన్ మీద అంకెలా కనిపిస్తోంది. అక్క గొలుసు బ్యాంకులో పెట్టి సరుకు తెచ్చింది. అందుకే ఎఫ్ఎస్ఎస్ఏఐ కాగితాలు, రిఫండ్ పాలసీ, షిప్పింగ్ పాలసీ, కాంటాక్ట్ పేజీలు ముందే సైట్‌లో పెట్టి కేవైసీ పక్కాగా పూర్తిచేయండి. సీజన్ వస్తోందంటే ఫలానా వారం అమ్మకాలు పెరుగుతాయని వాళ్లకి ముందే మెయిల్ కొట్టండి.

రెండో గేట్‌వేలో కూడా ఖాతా తెరిచి ఉంచుకోవడం మంచిది. 2022 చివర్లో రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ కొత్త మర్చంట్లను చేర్చుకోకుండా ఆర్బీఐ ఆపింది. 2023 డిసెంబర్‌లో గానీ మళ్లీ మొదలవలేదు. అప్పటికే ఖాతా ఉన్నవాళ్ల పని మాత్రం నడిచింది.

కోడ్ రాసే తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక మాట. బ్రౌజర్‌లో సక్సెస్ పేజీ వచ్చిందని ఆర్డర్ కన్ఫర్మ్ చేసేయకండి. డబ్బు కట్టాక కస్టమర్ ఫోన్‌లో నెట్ పోవచ్చు, లేదా ఎవడో ఆ యూఆర్ఎల్ నేరుగా కొట్టొచ్చు. సర్వర్‌కి వచ్చే వెబ్‌హుక్‌ని సిగ్నేచర్‌తో వెరిఫై చేశాకే కన్ఫర్మ్ చేయండి. అదే వెబ్‌హుక్ రెండుసార్లు రావచ్చు, రెండు పార్సిళ్లు వెళ్లకుండా పేమెంట్ ఐడీ చెక్ చేయండి. రేజర్‌పేలో అమౌంట్ పైసల్లో పంపాలి, 500 రూపాయలంటే 50000. రెండు సున్నాలు మర్చిపోతే 500 రూపాయల సరుకు 5 రూపాయలకే పోతుంది!

లైవ్ చేసే ముందు మీ సొంత ఫోన్ నుంచి చిన్న మొత్తం కట్టి, రిఫండ్ కొట్టి, ఎన్ని రోజులకి తిరిగొచ్చిందో రాసుకోండి. శనివారం రాత్రి సపోర్ట్‌కి ఒక టికెట్ పెట్టి, జవాబు మనిషి ఇస్తున్నాడా, బాట్ ఇస్తోందా చూడండి. శాతాలు పోల్చేది ఆ తర్వాతే.