గుట్ట మీద పడిపోతే కాపాడేదెవరు?

పత్తికొండ, ఆదోని చుట్టుపక్కల రాతి గుట్టలు ఎక్కడం మన పిల్లలకు కొత్తేమీ కాదు. పండగ సెలవుల్లో నలుగురు కలిస్తే చాలు, నీళ్ల సీసా కూడా లేకుండా బయల్దేరతారు. ఎక్కేటప్పుడు బాగానే ఉంటుంది. దిగేటప్పుడే కాలు జారుతుంది.

ఆల్ప్స్ పర్వతాల్లో ఇలాంటివాళ్లను కాపాడటానికే ప్రత్యేక బృందాలున్నాయి. మన దగ్గర ముందు వచ్చేది ఊరి జనం, తర్వాత 108, పోలీసులు, ఫైర్ స్టేషన్ వాళ్లు. అవసరమైతే ఎస్‌డీఆర్‌ఎఫ్, ఎన్‌డీఆర్‌ఎఫ్‌లను పిలుస్తారు.

హెలికాప్టర్ వస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. 2022 ఫిబ్రవరిలో కేరళలోని మలంపుళ దగ్గర ఒక యువకుడు కొండ దిగుతూ జారి, నిట్టనిలువు బండ మధ్య చిన్న సందులో ఇరుక్కున్నాడు. కాలికి దెబ్బ, తాగడానికి నీళ్లు లేవు. హెలికాప్టర్ వచ్చినా అతన్ని చేరలేక వెనక్కి పోయింది. చివరికి సైనికులు పైనుంచి తాళ్లతో దిగి, ముందు నీళ్లు తాగించి, తమతో కట్టుకుని పైకి చేర్చారు. అప్పటికి 40 గంటలు దాటిపోయింది.

వెతకడం ఇంకా కష్టం. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వైఎస్ రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమలలో కనిపించకుండా పోతే విమానాలు, బలగాలు, అడవి తెలిసిన జనం అంతా వెతికారు. పావురాలగుట్టపై శకలాలు దొరికింది మర్నాడు పొద్దున. ముఖ్యమంత్రి కోసమే అంత సమయం పట్టిందంటే, ఎటు పోతున్నామో ఇంట్లో చెప్పకుండా వెళ్లిన పిల్లాడి సంగతేంటి?

అందుకే బృందం వచ్చేదాకా పక్కనున్నవాళ్లు చేసేదే కీలకం. ముందు 112కి గానీ 108కి గానీ ఫోన్ చేయాలి. మన సిమ్‌కు సిగ్నల్ లేకపోయినా, వేరే కంపెనీ టవర్ అందితే 112 కలిసే వీలుంది. ఏ ఊరివైపు నుంచి ఎక్కారో, దగ్గర్లో ఏ గుడి, దర్గా, చెరువు ఉందో చెప్పాలి. మెడకో నడుముకో దెబ్బ తగిలిందని అనుమానముంటే భుజాన వేసుకుని దింపొద్దు. కదపకుండా ఉంచడమే మేలు. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు. ఎండలో బండ కాలిపోతుంటుంది కాబట్టి దుపట్టాతోనైనా నీడ పట్టాలి.

చీకటి పడితే నిమిషానికి ఆరుసార్లు టార్చ్ వెలిగించడం గానీ విజిల్ ఊదడం గానీ చేసి, ఒక నిమిషం ఆగి, మళ్లీ చేయాలి. కొండల్లో సాయం కోరే గుర్తు ఇదే. నలుగురుంటే ఒకరు కిందికి దిగి రోడ్డు మీద నిలబడాలి. అంబులెన్స్ వాళ్లకు గుట్ట కనిపిస్తుంది గానీ దారి కనిపించదు.