షుగర్ గుండెను ఎట్లా దెబ్బతీస్తుంది? ప్రోటీన్ చేయని ఆర్‌ఎన్‌ఏ కథ

మన సిద్దిపేట కోమటిచెరువు కట్ట మీద పొద్దున నడిచేవాళ్లను కదిలిస్తే చాలామంది నోట ఒకటే మాట: "షుగర్ ఉంది, డాక్టర్ నడవమన్నడు." షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువమంది ప్రాణం తీసేది గుండె, రక్తనాళాల జబ్బులే. ఆ దెబ్బ ఎక్కడ మొదలవుతుందో ఇవాళ చూద్దాం.

మన డీఎన్‌ఏలో ప్రోటీన్లు ఎట్లా తయారుచేయాలో చెప్పే భాగం 2 శాతం కూడా ఉండదు. మిగతాదంతా చెత్త అని చాలాకాలం అనుకున్నారు. తొందరపడ్డారనే నేనంటాను.

పెళ్లిలో వంటమాస్టర్‌కు చీటీ ఇస్తాం కదా, ఇంత పులిహోర, ఇన్ని లడ్డూలు అని. ఆ చీటీయే మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ. మధ్యలో ఒక పెద్దమనిషి వచ్చి "చాలు, ఇగ ఆపు" అని చీటీ చింపేస్తాడనుకోండి, ఆయనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ. తను వంట చేయడు, కానీ ఏది ఎంత కావాలో ఆయన చేతిలోనే ఉంటుంది. 1993లో ఒక మిల్లీమీటరు పురుగులో దీని సంగతి బయటపెట్టిన విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కన్‌లకు 2024లో నోబెల్ వచ్చింది.

ఇప్పుడు గుండె దగ్గరికి వద్దాం. మైక్రో ఆర్‌ఎన్‌ఏ-126 అని ఒకటుంది, రక్తనాళాల లోపలి పొరలో ఎక్కువగా దొరుకుతుంది. నాళం రిపేర్ కావాలనే సిగ్నల్‌కు కొన్ని ప్రోటీన్లు బ్రేకులు వేస్తుంటాయి. ఆ బ్రేకుల చీటీలను ఇది చింపుతుంది. ఇది తగ్గితే బ్రేకులు బిగుసుకుంటాయి, రిపేర్ వెనకబడుతుంది. ఇటలీలోని బ్రూనెక్ పట్టణవాసుల రక్తం పరీక్షించి 2010లో ఒక స్టడీ ప్రచురించారు. టైప్ 2 షుగర్ ఉన్నవాళ్లలో 126 తక్కువగా కనిపించింది. అంతకంటే ముఖ్యం, షుగర్ బయటపడకముందే ఆ తగ్గుదల మొదలైంది.

మరి ఆ టెస్ట్ చేయించుకుందామా? ఆగండి. ఒక ల్యాబ్ రిజల్ట్ ఇంకో ల్యాబ్‌తో సరిగ్గా కలవడం లేదు, అందుకే డాక్టర్లు రొటీన్‌గా రాసే టెస్టుల్లోకి ఇది ఇంకా రాలేదు. ఆన్‌లైన్‌లో ఎవరైనా అమ్మినా డబ్బులు పెట్టకండి. ఇంట్లో అమ్మకో నాయినకో షుగర్ ఉంటే హెచ్‌బీఏ1సీ, బీపీ, కొలెస్ట్రాల్, కిడ్నీ టెస్టులు చివరిసారి ఎప్పుడు చేయించారో ఈరోజే అడగండి.

ఇంకోటి. షుగర్ నరాలను కూడా దెబ్బతీస్తుంది, కాబట్టి గుండెపోటు వచ్చినా ఛాతీనొప్పి తెలియకపోవచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, చల్లటి చెమటలు వస్తే గ్యాసేలే అని సోడా తాగించి పడుకోబెట్టకండి, వెంటనే 108కి ఫోన్ కొట్టండి.