ఒకే మూలం, అనేక అవసరాలు: డిజిలాకర్ పనితీరు

ఒకే మార్కుల పత్రం పది కార్యాలయాల్లో నకళ్లుగా చేరితే నిల్వ భారం పెరగడమే కాదు, ఏది సరైనదో తేల్చడమూ కష్టమవుతుంది. ఒక చోట పేరు సరిదిద్దినా, మిగిలిన నకళ్లలో పాత తప్పే నిలిచి ఉంటుంది.

కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రారంభించిన డిజిలాకర్ ఈ చిక్కుకు వేరొక మార్గం చూపింది. పత్రం దానిని జారీ చేసిన సంస్థ డేటాబేస్‌లోనే ఉంటుంది. పౌరుని ఖాతాలో చేరేది ఆ పత్రానికి దారి చూపే ప్రత్యేక డిజిటల్ చిరునామా. ఇలా లభించే పత్రాలకు 2017 నాటి నిబంధనల సవరణ అసలు పత్రాలతో సమాన హోదా కల్పించింది. పౌరులు స్వయంగా స్కాన్ చేసి చేర్చుకున్న ప్రతులకు ఈ హోదా వర్తించదు.

పత్రంలో తప్పు కనిపిస్తే జారీ చేసిన సంస్థనే ఆశ్రయించాలి. మూలాన్ని సరిదిద్దిన తరువాతే ఖాతాలోనూ సరైన పత్రం లభిస్తుంది.